డైరెక్ట్ ట్రాఫిక్ ఉన్నట్టుండి పెరిగిందా? ముందు రీడైరెక్ట్ చూడండి

సమస్య: గూగుల్ అనలిటిక్స్‌లో ట్రాఫిక్ అక్విజిషన్ రిపోర్ట్ తెరిస్తే సగానికి సగం 'డైరెక్ట్' కనిపిస్తోంది. వాట్సాప్‌లో లింకు పంపారు, ఈమెయిల్ పంపారు, యాడ్స్‌కు డబ్బు కట్టారు. వాటి వాటా మాత్రం ఎక్కడా లేదు.

మన పేరు జనంలోకి వెళ్లిపోయింది, అడ్రస్ టైప్ చేసుకుని మరీ వస్తున్నారు అని సంబరపడకండి. ఎక్కడినుంచి వచ్చారో తేల్చుకోలేని ప్రతి సెషన్‌నూ (విజిట్‌నూ) అనలిటిక్స్ ఆ ఖాతాలోనే పడేస్తుంది. అనుమానముంటే అదే రిపోర్ట్‌లో డైరెక్ట్ పక్కన ల్యాండింగ్ పేజీ, అంటే వచ్చినవాళ్లు మొదట దిగిన పేజీ, పెట్టి చూడండి. హోమ్ పేజీ అయితే సరే. నాలుగు స్లాష్‌లున్న ప్రొడక్ట్ పేజీ మీదికి వందల మంది 'నేరుగా' వచ్చారంటే, అంత పొడుగు అడ్రస్ ఎవరూ టైప్ చేయరు కదా!

లింకుకు తోక ఉందా?

వాట్సాప్ యాప్, మెయిల్ యాప్, పీడీఎఫ్, క్యూఆర్ కోడ్: వీటి నుంచి వచ్చే క్లిక్‌తో రిఫరర్, అంటే ఏ సైటు నుంచి వచ్చారో చెప్పే సమాచారం, సాధారణంగా రాదు. లింకు చివర ప్రశ్న గుర్తు తర్వాత మీరు తగిలించే యూటీఎం గుర్తులు, అంటే ఈ తోక, ఒక్కటే ఆధారం. అది లేకుండా పంపితే డైరెక్టే, ఇందులో చర్చ లేదు. సోర్స్, మీడియం, క్యాంపెయిన్ మూడూ పెట్టండి, అన్నీ చిన్న అక్షరాల్లోనే. ఒకరోజు పెద్ద అక్షరంతో, ఇంకోరోజు చిన్న అక్షరంతో రాస్తే రెండు వేర్వేరు వరసలవుతాయి. మీడియం పేరు సొంతంగా కనిపెడితే ఏ వర్గంలోనూ చేరని 'అన్‌అసైన్డ్'లో పడొచ్చు.

తోక ఉంది, అయినా డైరెక్టే

ఇక్కడే అందరూ అనలిటిక్స్ ట్యాగ్ (విజిట్‌లు లెక్కపెట్టడానికి సైటులో పెట్టే కోడ్) పీకి మళ్లీ పెడతారు. ట్యాగ్ జోలికి వెళ్లకండి. ముందు ఈ ఒక్క పని చేయండి: ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, మీరు జనానికి పంపిన లింకునే, అక్షరం మార్చకుండా పేస్ట్ చేయండి. పేజీ తెరుచుకున్నాక అడ్రస్ బార్‌లో తోక ఇంకా ఉందా? లేకపోతే దొంగ దాదాపు దొరికినట్టే. మధ్యలో ఏదో రీడైరెక్ట్, అంటే ఒక అడ్రస్ నుంచి ఇంకో అడ్రస్‌కు తనంతట తానే మళ్లించే ఏర్పాటు, దాన్ని కోసేస్తోంది.

ఇది ఎందుకు అంత తేలిగ్గా దొరకదంటే, సగం లెక్క సరిగ్గానే కనిపిస్తుంది. సర్వర్ చేసే 301 (అడ్రస్ శాశ్వతంగా మారిందని చెప్పే) రీడైరెక్ట్‌లో యూటీఎం పోయినా రిఫరర్ మామూలుగా పోదు. కాబట్టి ఫేస్‌బుక్ తన వరసలో తాను కనిపిస్తూనే ఉంటుంది, వాట్సాప్ మాత్రం మాయమవుతుంది. గూగుల్ యాడ్స్‌తో ఇంకా ఘోరం. యాడ్ క్లిక్‌ను గుర్తుపట్టించే జీసీఎల్ఐడీ కూడా ఆ తోకలోనే ఉంటుంది. అది తెగి, గూగుల్ రిఫరర్ మిగిలితే, డబ్బు కట్టి తెచ్చుకున్న మనిషి 'ఆర్గానిక్'లో, అంటే సెర్చ్‌లో ఉచితంగా వచ్చినవాళ్లలో, చేరిపోతాడు. ఒక పచ్చళ్ల సైటువాళ్లు ఇలాగే ఆర్గానిక్ అమాంతం పెరిగిందని, యాడ్స్ దండగని వాటిని ఆపేశారు. ఆ వారమే 'ఆర్గానిక్' కూలింది, ఆర్డర్లూ తగ్గాయి. అప్పుడు నాకు ఫోన్ చేశారు.

కోత పడే చోట్లు ఎక్కువగా ఇవే: హెచ్‌టీటీపీ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కి, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ లేని పేరు నుంచి ఉన్న పేరుకి, పాత పేజీ నుంచి కొత్త పేజీకి. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, 'ప్రిజర్వ్ లాగ్' టిక్ పెట్టి లింకు లోడ్ చేస్తే ఏ మెట్టు దగ్గర తోక తెగిందో కనిపిస్తుంది.

సరిచేయడం ఐదు నిమిషాల పని. ఎన్‌జిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్)లో రిటర్న్ 301 లైన్‌లో ఉత్త యూఆర్ఐ వేరియబుల్ వాడి ఉంటే, దాని బదులు రిక్వెస్ట్ యూఆర్ఐ వేరియబుల్ పెట్టండి. క్వెరీ స్ట్రింగ్, అంటే మన తోక, దానిలోనే వస్తుంది. క్లౌడ్‌ఫ్లేర్ రీడైరెక్ట్ రూల్ అయితే 'ప్రిజర్వ్ క్వెరీ స్ట్రింగ్' టిక్ చేయండి. వర్డ్‌ప్రెస్ రీడైరెక్షన్ ప్లగిన్‌లో పారామీటర్లను (తోకలోని గుర్తులను) వదిలేసే ఆప్షన్, కొత్త పేజీకి అందించే ఆప్షన్ పక్కపక్కనే ఉంటాయి. రెండోది ఎంచుకోండి.

రెండు భాషల సైటు ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ఫోన్ భాష చూసి తెలుగు పేజీకి పంపే జావాస్క్రిప్ట్ ఉంటే, అది క్వెరీ స్ట్రింగ్‌ను వదిలేయడమే కాదు, రిఫరర్‌గా మీ సైటు పేరే మిగులుస్తుంది. మొదటి పేజీలో ట్యాగ్ నడవకముందే ఇది జరిగితే ఫేస్‌బుక్ కూడా డైరెక్ట్‌లో కలిసిపోతుంది. ఈ పని సర్వర్‌కే అప్పజెప్పండి, లేదా స్క్రిప్ట్‌లో కొత్త అడ్రస్‌కు పాత తోక కలపండి.

మార్చాక పాత ఇన్‌కాగ్నిటో విండోలన్నీ మూసేసి, కొత్తదానిలోనే పరీక్షించండి. 301ని బ్రౌజర్ గుర్తుపెట్టుకుంటుంది. పాత విండోలో చూసి "ఏమీ మారలేదు" అని మెసేజ్ పెట్టొద్దు.

మిగతావి

ఆర్డర్లన్నీ పేమెంట్ గేట్‌వే నుంచే వచ్చినట్టు రిఫరల్‌లో (వేరే సైట్ల నుంచి వచ్చినవాళ్ల వరసలో) కనిపిస్తే, ఆ డొమైన్‌ను ట్యాగ్ సెట్టింగ్స్‌లోని 'అన్‌వాంటెడ్ రిఫరల్స్' జాబితాలో చేర్చండి. సొంత సైటు లోపలి బ్యానర్లకు యూటీఎం పెట్టి ఉంటే తీసేయండి. బాట్‌లు, యాడ్ బ్లాకర్లు, లింకుల్లో నోరిఫరర్ (రిఫరర్ పంపొద్దని బ్రౌజర్‌కు చెప్పే గుర్తు) లాంటివి ఉంటాయి గానీ, పైవన్నీ చూశాకే వాటి సంగతి.

రియల్‌టైమ్‌లో మీ విజిట్ వెంటనే కనిపించినా, మామూలు రిపోర్ట్‌కు ఒకటి రెండు రోజులు పడుతుంది. పాత డేటా మాత్రం బాగుపడదు, పోయిన తోకలు పోయినట్టే. కాబట్టి సరిచేసిన తేదీని రిపోర్ట్‌లో అనోటేషన్‌గా (నోట్‌గా) పెట్టుకోండి. లేకపోతే వచ్చే నెల ఎవరో ఒకరు 'డైరెక్ట్ ఎందుకు పడిపోయింది' అని మీటింగ్ పెడతారు.