కిటికీ సీటు దొరికినా మన ఊరు కనబడలేదా?

మా అమ్మకు అది మొదటి విమాన ప్రయాణం. విశాఖ నుంచి కోల్‌కతాకు. పైనుంచి శ్రీకాకుళం చూపిద్దామని అదనంగా డబ్బు కట్టి కిటికీ సీటు తీసుకున్నాను. ఆమెకు కనబడింది తెల్లటి రెక్క ఒక్కటే. "ఏదిరా మనూరు?" అంటే ఏం చెప్పాలో తెలియలేదు. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

సమస్య: కిటికీ నిండా రెక్కే

కారణం: ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 లాంటి విమానాల్లో రెక్కలు కిటికీల కంటే కింద ఉంటాయి. సుమారు 10 నుంచి 20 వరకు వరుసల్లో కింది నేలను అవే కప్పేస్తాయి. మాది 14వ వరుస.

పరిష్కారం: 8వ వరుస లోపు తీసుకోండి, లేదా బాగా వెనక్కి వెళ్లండి. వెనక నుంచి చూస్తే ఇంజిన్ వేడిగాలికి దృశ్యం కొంచెం చెదురుతుంది, కాబట్టి నా ఓటు ముందు సీట్లకే. చిన్న ఏటీఆర్ విమానమైతే రెక్క కిటికీలకు పైన ఉంటుంది, నేల బాగా కనబడుతుంది. దాంట్లో మధ్య వరుసలు మాత్రం వద్దు, ప్రొపెల్లరూ చక్రాలూ అడ్డొస్తాయి.

సమస్య: సముద్రం అటు, మనం ఇటు

కారణం: ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఏ సీటు ఎడమ కిటికీ, ఎఫ్ సీటు కుడి కిటికీ. "సముద్రం తూర్పున ఉంటుంది" అన్నది గుర్తుంటుంది కానీ, విమానం ముక్కు ఎటు ఉంటుందో ఆలోచించం.

పరిష్కారం: మ్యాప్‌లో రెండు ఊళ్ల మధ్య గీత గీయండి. విశాఖ నుంచి కోల్‌కతాకు గీస్తే అది దాదాపు శ్రీకాకుళం మీదుగా, ఆపైన చిలికా సరస్సు మీదుగా పోతుంది. నాగావళి సముద్రంలో కలిసే చోటు, కళింగపట్నం దగ్గర వంశధార మొగ, రెండూ కుడివైపే. అంటే వెళ్లేటప్పుడు ఎఫ్, వచ్చేటప్పుడు ఏ.

విశాఖ నుంచి చెన్నైకి గీత గీసి చూస్తే ఆశ్చర్యపోతారు. తీరం మెలిక తిరిగి ఉండటంతో గీత చాలా దూరం సముద్రం మీదే సాగుతుంది. ఎడమవైపు కూర్చుంటే ఒట్టి నీళ్లు. గోదావరి డెల్టా కావాలంటే కుడివైపు కూర్చోవాలి. అసలు విమానం గీతకు అటూ ఇటూ జరగొచ్చు, అందుకే ముందు రోజు అదే సర్వీసు ఏ దారిన వెళ్లిందో విమానాల దారులు చూపించే ఫ్లైట్‌రాడార్24 యాప్‌లో చూసుకుంటే టెన్షన్ ఉండదు.

విశాఖలో సముద్రం మీంచి దిగేటప్పుడు ఎడమవైపు డాల్ఫిన్స్ నోస్ కొండ, కుడివైపు బీచ్, ఊరు. గాలిని బట్టి రెండో వైపు నుంచి దిగితే ఈ లెక్క పనిచేయదు.

సమస్య: అంతా సరిగ్గానే ఉంది, ఎండే కళ్లలో కొడుతోంది

ఉదయం కోల్‌కతా విమానంలో కుడివైపు సముద్రంతో పాటు సూర్యుడూ ఉంటాడు. సాయంత్రం వెలుతురు ఉండగా వెళ్లే సర్వీసు దొరికితే అదే తీసుకోండి. ఎండ అవతలి కిటికీల్లో పడుతుంది, మీ వైపు తీరం వెలుగులో స్పష్టంగా ఉంటుంది. వేసవిలో ఎంత మంచి సీటైనా మసకే. వానలు వెనకబట్టాక ఆకాశం తేటగా ఉన్న రోజు వేరే లోకం.

సమస్య: కిటికీ సీటుకు కిటికీయే లేదు

కొన్ని 737 విమానాల్లో రెక్కకు కాస్త ముందు ఒక వరుసలో ఇలా ఉంటుంది. ఏసీ గాలి గొట్టాలు గోడలోంచి పైకి వెళ్లే చోట కిటికీ పెట్టలేదు. 9 నుంచి 11 వరకు వరుసలు తీసుకునే ముందు సీట్ల పటం చూసుకోండి.

సమస్య: ఫోటోలో మన చొక్కాయే కనబడుతోంది

ముదురు రంగు బట్టలు వేసుకోండి, ఫ్లాష్ ఆపేయండి. ఫోన్‌ను అద్దానికి బాగా దగ్గరగా పెట్టండి కానీ ఆనించొద్దు, అదురు ఫోటోలోకి వస్తుంది. అద్దం కింది భాగంలో చిన్న రంధ్రం, దాని చుట్టూ మంచు పూలు కనబడితే కంగారు పడొద్దు. పొరల మధ్య ఒత్తిడి సరిచేయడానికీ, తేమ పట్టకుండా ఉండటానికీ ఆ రంధ్రం పెట్టారు.

విశాఖ విమానాశ్రయం నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ డేగాలో ఉంది. అక్కడ నేల మీద ఉండగా ఫోటోలు తీయకండి. సిబ్బంది కిటికీ మూయమంటే మూసేయండి. శ్రీకాకుళం రావడానికి ఇంకో పావుగంట ఉంటుంది.