శుక్లం ఆపరేషన్ దగ్గరపడిందా? ముందు రెప్పలు చూసుకోండి

– రెప్పల అంచు ఎర్రగా ఉండి, వెంట్రుకల మొదట్లో పొట్టు కడుతుంటే డాక్టరుకు ముందే చెప్పండి. ఆపరేషన్ తర్వాత కంటి లోపల ఇన్‌ఫెక్షన్ తెచ్చే బ్యాక్టీరియా ఎక్కువగా అక్కడి నుంచే వస్తుంది. తేదీ వాయిదా పడితే పడనివ్వండి.

– కంట్లో పెట్టే లెన్స్ కోసం తీసే కొలతలకు ముందే రెప్పలకు వైద్యం మొదలవ్వాలి. రెప్పల అంచున ఉండే నూనె గ్రంథులు మూసుకుపోతే కన్నీటి పొర నిలవదు, కొలత తేడా వస్తుంది.

– గోరువెచ్చని కాపడం, పది నిమిషాలు. గ్రంథుల్లో నూనె వెన్నలా గడ్డకట్టి ఉంటుంది; గుడ్డ చల్లారితే మళ్లీ ముంచండి. వెంటనే పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి మెల్లగా నిమరాలి. ఆపరేషన్ అయ్యాక మాత్రం డాక్టరు చెప్పేదాకా రెప్ప ముట్టుకోవద్దు.

– కాటుక మానేయండి. నూనె రంధ్రాలు సరిగ్గా ఆ గీత మీదే ఉంటాయి.

– మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకోవద్దు, కంట్లో ప్రెషర్ పెరగొచ్చు.