కారవాన్‌కు బయటి కరెంటు: తేడా ఎక్కడుందో పట్టుకోవడం, సరిచేయడం

మొయినాబాద్, శామీర్‌పేట, వికారాబాద్ వైపు ఫామ్‌హౌసుల్లో కారవాన్ ఆపితే చాలాచోట్ల దొరికేది గోడకున్న ఒక 16 యాంపియర్ల సాకెట్టు. బోరు మోటారు, గేటు లైట్లు, ఫంక్షన్ ఉంటే సీరియల్ బల్బులు, అన్నీ ఆ సర్వీసు మీదే. వ్యాన్ లోపలి వైరింగ్ ఎంత బాగా చేయించినా, ప్లగ్గు పెట్టిన క్షణం నుంచి బయటి లైనులో ఉన్న లోపం లోపలికి వచ్చేస్తుంది. అందుకే ఏ తేడా కనిపించినా మీటరు ముందుగా సాకెట్టులోనే పెట్టాలి. సాకెట్టు విప్పడం, బోర్డులో చేయి పెట్టడం మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ పని.

తలుపు పట్టుకుంటే జిల్లుమంటోంది

లోపల కూర్చున్నవాళ్లకు ఏమీ తెలియదు. కింద నిలబడి, అందులోనూ చెప్పుల్లేకుండా తడి నేల మీద నిలబడి, మెట్టునో హ్యాండిల్‌నో ముట్టుకున్నవాళ్లకే షాకు. చాలాసార్లు కారణం సాకెట్టులో ఎర్తు లేకపోవడం. బ్యాటరీ చార్జర్, టీవీ, ఇండక్షన్ స్టవ్ లాంటివాటి ఫిల్టర్లలో ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి ఎర్తుకు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్తు వైరు నేలను చేరకపోతే అవి వ్యాన్ బాడీని దాదాపు 110 వోల్టుల దగ్గర నిలబెడతాయి. టైర్లు రబ్బరువి కాబట్టి అది దిగిపోయే దారి లేదు. అందులో పారే కరెంటు స్వల్పమే. అయినా తేలిగ్గా తీసుకోవద్దు: రేపు గీజర్ ఎలిమెంటు చిట్లితే ఇదే బాడీ మీదికి పూర్తి 230 వోల్టులు వస్తాయి.

ప్లగ్గు తీసేసి సాకెట్టులో మూడు కొలతలు తీయండి. ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య 207 నుంచి 253 వోల్టులు ఉండాలి. ఫేజుకు, ఎర్తుకు మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కు, ఎర్తుకు మధ్య 3 వోల్టుల లోపే ఉండాలి. ఫేజు-ఎర్తు కొలత 60, 90, 120 అంటూ నిలకడ లేకుండా తిరుగుతుంటే ఎర్తు తెగినట్టే. ఫేజు ఉండాల్సిన రంధ్రం నుంచి ఎర్తుకు సున్నా, న్యూట్రల్ రంధ్రం నుంచి 230 వస్తే రెండు వైర్లూ తారుమారయ్యాయి. సాకెట్టుకు ఎదురుగా నిలబడితే ఎర్తు పైన, ఫేజు కుడివైపు ఉండాలి.

డిజిటల్ మీటరు కరెంటు ఇవ్వలేని ఉత్త వోల్టేజీని కూడా చూపిస్తుంది. అందుకే 100 వాట్ల ఫిలమెంటు బల్బును సాకెట్టులో ఫేజుకు, ఎర్తుకు మధ్య పెట్టి చూడాలి. నిండుగా వెలగాలి. ఆ ఇంట్లో ఆర్‌సీసీబీ (లీకేజీ కరెంటును పసిగట్టి లైను తెంపే స్విచ్చు) ఉంటే అది పడిపోతుంది, అదీ ఎర్తు ఉందనడానికి గుర్తే. వ్యాన్ కలిపి ఉండగా ఈ పరీక్ష అస్సలు చేయకూడదు. ఎర్తు తెగి ఉంటే బల్బు గుండా ఫేజు నేరుగా బాడీకి చేరుతుంది.

న్యూట్రల్-ఎర్తు కొలత కచ్చితంగా 0.0 వస్తే ఇంకో పరీక్ష మిగిలి ఉంది. పక్క సాకెట్టులో ఇస్త్రీ పెట్టె పెట్టి మళ్లీ కొలవండి. అసలైన ఎర్తయితే న్యూట్రల్‌లో కరెంటు పారుతున్నందుకు అరవోల్టో, వోల్టో పెరుగుతుంది. కదలకుండా 0.0 దగ్గరే ఉంటే సాకెట్టు వెనక ఎర్తు పిన్నుకు, న్యూట్రల్‌కు జంపర్ (రెంటినీ కలిపే చిన్న వైరు ముక్క) వేశారని అనుమానించాలి. అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. వెనక ఎక్కడో న్యూట్రల్ తెగిన రోజు ఫేజు ఆ జంపర్ గుండా వ్యాన్ బాడీ మీదికి వస్తుంది. వ్యాన్‌కున్న ఆర్‌సీసీబీ దాన్ని ఆపలేదు, ఎందుకంటే ఎర్తు వైరు దాని చేతిలో లేదు.

మన దగ్గర అడుగున రాయి, వేసవిలో మన్ను ఎండిపోతుంది, ఎర్తు గుంత పనిచేయదు. ముందు గుంతలో నాలుగు బకెట్ల నీళ్లు పోయించి మళ్లీ కొలవండి. కొలత మారకపోతే సొంత ఎర్తు వేసుకోవాలి: 4 అడుగుల రాగిపూత రాడ్డును తడిగా ఉన్న మన్నులో దింపి, 6 చదరపు మిల్లీమీటర్ల ఆకుపచ్చ వైరుతో ఛాసిస్‌కు బిగించండి, అక్కడ పెయింటు గీకేసి. 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీబీవో (ఆర్‌సీసీబీ, ఎమ్‌సీబీ రెండు పనులూ చేసేది) తప్పనిసరి. రాడ్డు రెసిస్టెన్సు 100 ఓములు ఉన్నా లీకేజీ 2.3 యాంపియర్లు, ఆర్‌సీబీవో వెంటనే పడిపోతుంది. అది లేకపోతే, ఓవర్‌లోడుకు మాత్రమే పడిపోయే 16 యాంపియర్ల ఎమ్‌సీబీ ఆ 2.3ని అసలు లెక్కచేయదు, బాడీ అలాగే షాకు కొడుతూ ఉంటుంది. జంపర్ ఉన్న సాకెట్టుకు మాత్రం కేబుల్‌లోని ఎర్తు కోరును కలపకూడదు.

లైట్లు ఒక్కసారిగా తెల్లగా వెలిగి, చార్జర్ కాలిపోయింది

ఇది న్యూట్రల్ వదులైన లక్షణం. మూడు ఫేజుల సర్వీసులో ఫేజుకు, ఫేజుకు మధ్య దాదాపు 400 వోల్టులు ఉంటాయి. న్యూట్రల్ తెగితే, తక్కువ లోడున్న ఫేజు మీద వోల్టేజీ 300 దాటిపోతుంది. ఇంట్లో ఒకవైపు లైట్లు మసకగా, ఇంకోవైపు మరీ తెల్లగా ఉంటే, గీజర్ వేయగానే ఆ తీరు మారుతుంటే ప్లగ్గు వెంటనే పీకేయండి.

చాలామంది ఇక్కడ స్టెబిలైజర్ కొంటారు. హై కటాఫ్ (వోల్టేజీ మితిమీరితే లైను తెంపే ఏర్పాటు) లేని స్టెబిలైజర్ 350 వోల్టుల ముందు వ్యాన్‌తో పాటే కాలిపోతుంది. ఎస్‌పీడీ (సర్జ్ ప్రొటెక్టర్) కూడా సరిపోదు. క్షణంలో వచ్చిపోయే పిడుగుపాటు ఉప్పెనను అది మింగుతుంది గానీ, నిమిషాల తరబడి నిలిచే అధిక వోల్టేజీకి తానే మాడిపోతుంది. కావాల్సింది ఓవర్, అండర్ వోల్టేజీ రిలే. హై 260, లో 180, మళ్లీ కలవడానికి ఆలస్యం 180 సెకన్లు పెట్టండి. ఏసీ కంప్రెసర్‌కు ఆ మూడు నిమిషాల విరామం అవసరం.

ఈ రిలే, అది చెప్పగానే లైను కలిపి తెంపే 25 యాంపియర్ల కాంటాక్టర్, ఫేజు, న్యూట్రల్ రెంటినీ కోసే 16 యాంపియర్ల డబుల్ పోల్ ఆర్‌సీబీవో, మూడింటినీ నీళ్లు చొరని ప్లాస్టిక్ పెట్టెలో అమర్చి, కేబుల్‌కు సాకెట్టు వైపు కొసన పెట్టడం మేలు. అప్పుడు కేబుల్‌కు కూడా రక్షణ ఉంటుంది. సామానంతా కోఠి ట్రూప్ బజార్‌లో దొరుకుతుంది. డబుల్ పోల్ అని నొక్కి అడగండి: ఫేజు, న్యూట్రల్ తారుమారైన సాకెట్టులో సింగిల్ పోల్ ఎమ్‌సీబీ ఆఫ్ చేసినా వైరులో కరెంటు ఉంటుంది.

ప్లగ్గు పెట్టగానే ఆర్‌సీబీవో పడిపోతోంది

లోపలి ఎమ్‌సీబీలన్నీ ఆఫ్ చేసినా పడిపోతోందంటే అయోమయపడొద్దు. సింగిల్ పోల్ ఎమ్‌సీబీలు న్యూట్రల్‌ను కోయవు కాబట్టి లీకేజీ దారి తెరిచే ఉంటుంది. ప్లగ్గు తీసి, ఇన్వర్టర్ ఆఫ్ చేసి, న్యూట్రల్ బార్ నుంచి ఒక్కో వైరు విప్పుతూ పరీక్షించాలి. ఎక్కువగా దొరికే దోషి ఇన్వర్టర్. బ్యాటరీ మీద నడిచేటప్పుడు అది న్యూట్రల్‌ను ఎర్తుకు కలుపుతుంది, బయటి కరెంటు రాగానే ఆ కలయికను రిలే విడదీయాలి. విడదీయకపోతే కొంత కరెంటు ఎర్తు గుండా తిరిగి వెళ్తుంది. ఇన్వర్టర్ సెట్టింగు చూడండి, రిలే లేని మోడలయితే డబుల్ పోల్ చేంజోవర్ (బయటి కరెంటు, ఇన్వర్టర్లలో ఒక్కదాన్నే కలిపే స్విచ్చు) పెట్టించండి. వానాకాలంలోనే పడిపోతుంటే వ్యాన్ ఇన్‌లెట్ మూత కింద తడి చేరిందేమో చూసి ఆరబెట్టాలి.

ఆర్‌సీబీవో మీదున్న టెస్ట్ బటన్ పనిచేసింది కదా అని ఎర్తు బాగుందనుకోవద్దు. ఎర్తు లేకపోయినా ఆ బటన్ పనిచేస్తుంది.

ఎండాకాలం మధ్యాహ్నాల్లోనే ఎమ్‌సీబీ పడిపోతోంది

సాధారణంగా ఎమ్‌సీబీ రేటింగు 30 డిగ్రీల దగ్గర లెక్క. మే నెలలో మూసిన పెట్టెలో 50 దాటితే అది తొందరగా పడిపోతుంది. టన్నున్నర ఏసీ 7, రెండు కిలోవాట్ల గీజర్ 8.7, చార్జర్ 3 కలిపితే 18.7 యాంపియర్లు, 16 దాటింది. గీజర్ నడిచేటప్పుడు చార్జర్ ఇన్‌పుట్ పరిమితి తగ్గించండి. 20 యాంపియర్ల ఎమ్‌సీబీ మాత్రం వేయించొద్దు, సాకెట్టు, ప్లగ్గు 16కే చేసినవి.

ఏసీ మొదలవబోయి ఆగిపోతోంది

కేబుల్ సన్నది. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ 30 మీటర్లు వేస్తే రానుపోను 0.8 ఓము. కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు 30 యాంపియర్లు లాగితే 24 వోల్టులు కేబుల్‌లోనే పోతాయి. 2.5 అయితే 14. బోరు మోటారు నడుస్తూ సాకెట్టులోనే 195 ఉన్నప్పుడు ఈ తేడాతోనే ఏసీ బతుకుతుంది. మోటారు ఆగాక ఏసీ వేయండి.

ప్లగ్గు వేడెక్కి నల్లబడింది

సాకెట్టు లోపలి స్ప్రింగు వదులైంది. రుద్ది శుభ్రం చేస్తే ఆగదు, సాకెట్టు, ప్లగ్గు రెండూ మార్చాలి. కేబుల్ చుట్ట చుట్టి ఉంచినా వేడెక్కుతుంది, పూర్తిగా విప్పి పరవండి. 6 యాంపియర్ల కన్వర్టర్ ప్లగ్గులు వాడొద్దు.

చిన్న జనరేటర్ మీద ఫేజు-ఎర్తు, న్యూట్రల్-ఎర్తు రెండూ 110 దగ్గర చూపిస్తున్నాయి

దాని న్యూట్రల్ ఎర్తుకు కలిసి లేదు. ఈ స్థితిలో లీకేజీ వచ్చినా ఆర్‌సీబీవోకు తెలియదు. తయారీదారు అనుమతిస్తే జనరేటర్ దగ్గర ఒక్కచోటే న్యూట్రల్‌ను ఎర్తుకు కలిపించండి.

ఉరుములు మొదలయ్యాయి

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివాన వస్తే, వ్యాన్‌లోని లోడ్లన్నీ ఆపి, ఆర్‌సీబీవో ఆఫ్ చేసి, సాకెట్టు నుంచి ప్లగ్గు తీసి, ఆ తర్వాతే వ్యాన్ వైపు కొస తీయండి. కలిపేటప్పుడు ఇదే వరస వెనక్కి: ముందు వ్యాన్ వైపు, తర్వాత సాకెట్టు, ఆపై ఆర్‌సీబీవో, చివర లోడ్లు.