కింద పడ్డ ఫోన్ ఛార్జింగ్ ఎక్కకపోతే ఏం చేయాలి?

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కుతుంటే జారిపడినా, రొయ్యల చెరువు గట్టు మీద బండి నడుపుతుంటే జేబులోంచి పడినా, ఫోన్ తీయగానే మనవాళ్లు చేసే మొదటి పని ఛార్జర్ పెట్టి చూడటం. స్క్రీన్ పగల్లేదు కదా, ఇంకేం కాదులే అనుకుంటారు. దయచేసి ఆ అలవాటు మానండి. పడ్డ ఫోన్‌లో ముందు చూడాల్సింది బ్యాటరీని.

టార్చి, పనిచేస్తున్న ఇంకో కేబుల్, అడాప్టర్, ఒక ఎండు కొబ్బరి ఈనె ఉంటే చాలు. స్క్రూడ్రైవర్ జోలికి వెళ్లొద్దు.

ఫోన్ స్విచ్ఛాఫ్ చేసి పౌచ్ తీసేయండి. అంచుల చుట్టూ టార్చి వేసి చూడండి. స్క్రీన్ గానీ వెనక మూత గానీ ఎక్కడైనా పైకి లేచిందా? వెనక మూత మీద స్కేలు ఆనిస్తే మధ్యలో ఉబ్బు తెలుస్తోందా? వాడకుండానే వేడిగా ఉందా? గోళ్ల రంగు తుడిచే మందులాంటి వాసన వస్తోందా?

ఇక్కడ మాత్రం తొందరపడకండి. లిథియం అయాన్ బ్యాటరీలో ప్లస్ పొరని, మైనస్ పొరని విడదీసి ఉంచేది తల వెంట్రుక కన్నా పలచటి ప్లాస్టిక్ పొర. దెబ్బకి అది నలిగితే లోపలే షార్ట్ అవుతుంది. ఆ రోజే బయటపడాలని లేదు. తర్వాతెప్పుడో ఛార్జింగ్‌లో ఉండగా వేడెక్కి, పొగ వచ్చి, మంట కూడా అంటుకోవచ్చు.

పైన చెప్పిన వాటిలో ఒక్కటి కనిపించినా ఇక ఛార్జింగ్ పెట్టొద్దు. ఉబ్బు దిగుతుందని నొక్కొద్దు, గాలి తీద్దామని సూదితో గుచ్చొద్దు. ఇంటి బయట పొడి ఇసుక పోసిన మట్టి కుండలో ఉంచి, వీలైనంత త్వరగా సర్వీస్ సెంటర్‌కి చేర్చండి. కాలవలోకో చెత్తకుప్పలోకో విసరకండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే.

ఏ లోపమూ కనిపించకపోయినా మొదటిసారి ఛార్జింగ్ పగటిపూట, మీరు దగ్గరుండగానే పెట్టండి. ఫోన్ గచ్చు మీద ఉండాలి. పరుపు మీద, తాటాకు పాకలో, డీజిల్ క్యాన్ల పక్కన అసలు వద్దు. కాస్త గోరువెచ్చన పర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే ముందు గోడ స్విచ్ ఆపి, ఆ తర్వాతే కేబుల్ లాగండి.

బ్యాటరీ బాగానే ఉండి ఛార్జింగ్ ఎక్కకపోతే కేబుల్, అడాప్టర్ మార్చి చూడండి. చెరువు దగ్గర జనరేటర్ మీద కాకుండా ఇంటి కరెంటు మీదే చూడాలి. పూర్తిగా అయిపోయిన బ్యాటరీకి మొదట కొద్ది కరెంటే వెళ్తుంది కాబట్టి స్క్రీన్ నల్లగానే ఉండొచ్చు. అరగంట ఆగండి. వైర్‌లెస్ ఛార్జింగ్ ఉన్న ఫోనైతే అలా పెట్టి చూడండి. ఎక్కితే బ్యాటరీ మంచిదే, లోపం పోర్టు (కేబుల్ గుచ్చే రంధ్రం) వైపు ఉన్నట్టు.

పోర్టులో మట్టి, పీచు ఉంటే ఫోన్ ఆపేసి ఈనెతో నెమ్మదిగా బయటికి లాగండి. టూత్‌పిక్ లావు, మొన విరిగి లోపలే ఉండిపోతుంది. అందుకే ఈనే వాడాలి. పిన్నీసు మాత్రం వద్దు. టైప్ సి పోర్టు మధ్యలో ఉండే సన్నటి పలక మీదే కాంటాక్టులన్నీ ఉంటాయి, అది వంగితే పోర్టు పోయినట్టే. ఉప్పుగాలి తగిలే అంతర్వేది వైపు ఊళ్లలో ఆకుపచ్చ చిలుము కూడా పడుతుంది. దాన్ని గీకకుండా షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిపించండి.

తడి తగిలిన ఫోన్‌ని బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల ఉపయోగం లేదు, పైగా ఆ పొడి పోర్టులోకి వెళ్తుంది. పోర్టు కిందికి ఉండేలా ఆనించి ఫ్యాన్ గాలికి ఉంచండి. చెరువులో ఉప్పునీళ్లలో పడితే ఆరబెట్టి ఊరుకోవద్దు, అదే రోజు విప్పించి శుభ్రం చేయించాలి.

ఇంకా ఎక్కకపోతే భీమవరంలోనో అమలాపురంలోనో నమ్మకమైన షాపుకి వెళ్లండి. దెబ్బకి బ్యాటరీ కనెక్టర్ ఊడిందేమో ముందు చూడమనండి. చాలా ఫోన్లలో ఛార్జింగ్ పోర్టు ఉండేది అడుగున వేరే చిన్న బోర్డు మీద. దాన్ని మార్చి చూడకుండానే మదర్‌బోర్డు, అంటే ఫోన్‌లోని ప్రధాన బోర్డు, మార్చాలంటే ఒప్పుకోకండి. పని మీ ఎదురుగానే చేయించుకోండి.