గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ: 2008 తొలి సంచికను చదివే పద్ధతి

మార్వెల్ సంస్థ 2008లో ప్రారంభించిన ఈ అంతరిక్ష వీరుల జట్టు కామిక్ సిరీస్, ‘అనిహిలేషన్: కాంక్వెస్ట్’ అనే మునుపటి కామిక్ కథలోని యుద్ధం ముగిసిన తరువాతి కథ కనుక, వీలైతే ముందుగా దానిని చదవండి, వీలుకాకపోయినా వెనుకాడనక్కరలేదు. సినిమాలోని జట్టునే ఆశించకండి, ఇక్కడ ఆడమ్ వార్లాక్, క్వేజార్ కూడా సభ్యులే.

డాన్ ఆబ్నెట్, ఆండీ లానింగ్ రాసిన ఈ కథలో పోరాటం మధ్య మధ్య, పాత్రలు ఒక్కొక్కరుగా మనకు ఎదురుగా నిలిచి జరిగినదానిపై తమ అభిప్రాయం చెప్పే బొమ్మల గళ్లు వస్తాయి. వాటిని దాటవేయకండి, ఎవరికి ఎవరితో పొసగదో, నాయకుడి మీద ఎవరికెంత నమ్మకముందో అక్కడే బయటపడుతుంది, నా దృష్టిలో సంచికకు ప్రాణం అవే.

జట్టు స్థావరమైన నోవేర్, సెలెస్టియల్ అనే ఒక మహాకాయ విశ్వజీవి తెగిన తలలో వెలసిన కేంద్రం. పాల్ పెలెటియర్ బొమ్మల్లో దాని పరిమాణాన్ని నిదానంగా గమనించండి. 1969లో ఇదే పేరుతో వచ్చిన జట్టు 31వ శతాబ్దానికి చెందినది, దానిని వేరుగా చదువుకోవాలి.