కొత్తవాళ్లకు నేర్పుతూ మీరూ నేర్చుకోవాలంటే

"అక్కా, వేరియబుల్ అంటే డబ్బా అన్నారు కదా. మరి రెండో డబ్బాలో వేసింది మొదటి డబ్బాలోకి ఎలా వచ్చింది?"

మా టీంలో కొత్తగా చేరిన అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 'ఏ' అనే వేరియబుల్‌లో ఒక లిస్టు, అంటే కొన్ని విలువల వరస, పెట్టుకుంది. 'బీ = ఏ' అని రాసి, బీ లిస్టు చివర ఒక అంకె చేర్చింది. ప్రింట్ చేస్తే ఏలో కూడా ఆ అంకె ఉంది. "అది అంతే, కాపీ తీసుకుని వాడు" అనబోయి ఆగాను. ఎనిమిదేళ్లుగా నేను చేస్తున్నది అదే. ఎందుకో ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు.

ఇద్దరం కూర్చుని, దేనికైనా పైథాన్ ఇచ్చుకునే గుర్తింపు నంబరు చూపించే ఐడీ ఫంక్షన్‌తో రెండింటినీ చూశాం. ఒకే నంబరు వచ్చింది. అక్కడున్నవి రెండు డబ్బాలు కావు, ఒకే లిస్టుకు రెండు పేర్లు. నాకెవరో చెప్పిన డబ్బా పోలికనే నేను ఆమెకు అప్పజెప్పాను. పైథాన్‌కు అది నప్పదని ఆమె అడిగాకే తెలిసింది. మర్నాడే నా పాత కోడ్ తెరిచి, ఫంక్షన్లకు డిఫాల్ట్‌గా, అంటే పిలిచేవాళ్లు ఏమీ ఇవ్వకపోతే వాడుకోమని, ఖాళీ లిస్టు ఇచ్చిన చోట్లన్నీ వెతికి దిద్దాను. ఆ లిస్టు ఒక్కసారే తయారై, ఫంక్షన్‌ను అలా పిలిచిన ప్రతిసారీ అదే వాడుకలోకి వస్తుంది మరి.

అందుకే నేర్పేటప్పుడు పక్కన ఒక నోటుబుక్ పెట్టుకోండి. మీ నోట "అది అంతే" అని వచ్చిన ప్రతి ప్రశ్నా అందులో రాయండి. నా పుస్తకంలో 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 ఎందుకు రాదన్నది ఉంది. మూడో వంతును దశాంశాల్లో రాస్తే 0.333 అంటూ ఎలా తెగదో, పదో వంతు బైనరీలో, అంటే కంప్యూటర్ వాడే 0, 1 అంకెల్లో, అలాగే తెగదు. 53 బిట్ల (అలాంటి 53 అంకెల) దగ్గర ఆపక తప్పదు.

కీబోర్డు మాత్రం ముట్టుకోకండి. చేతులు కట్టుకుని చూస్తే చాలా తెలుస్తుంది. నేను రాసిన ఇన్‌స్టాలేషన్ నోట్స్ చూసుకుంటూ ఆమె మూడో లైన్ దగ్గరే ఆగిపోయింది. నా కంప్యూటర్‌లో ఎప్పుడో చేసిపెట్టుకున్న ఒక సెట్టింగ్ నేను రాయనే లేదు.

"అర్థమైందా?" అని అడిగితే అందరూ అవుననే అంటారు, టెన్షన్‌తోనో మొహమాటంతోనో. దానికి బదులు "ఇది నడిపితే ఏమొస్తుందో ముందే చెప్పు" అనండి. మీ జవాబు కూడా కాగితం మీద రాసిపెట్టి, అప్పుడు నడపండి. తప్పయితే ఆ కాగితం ఆమెకు చూపించండి. ఇది నాకు చాలా ముఖ్యం. మన తప్పు ఒక్కసారి కళ్లారా చూశాక కొత్తవాళ్లు ప్రశ్నలు దాచుకోరు.

మొదట్లో ఒక్కరినే తీసుకోండి, వారానికి గంట చాలు. ఆ గంట అయ్యాక మరో అరగంట నోటుబుక్ కోసం అట్టేపెట్టుకోండి. నేను వాయిదా వేసినప్పుడల్లా ప్రశ్నలో పదును పోయింది. రెండు రోజులాగి చదివితే "ఇది నాకు తెలిసిందేగా" అనిపిస్తుంది.