ఐస్ కొక్కేనికి ఉక్కు పలుకు సన్నం చేసుకునే పద్ధతి

పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్ళే రోడ్డు పక్కన మా కొలిమి షెడ్డు. రొయ్యల పట్టుబడి రోజుల్లో ఐస్ ఫ్యాక్టరీలకి కొక్కేలు, గునపాలు చేసిస్తాను. ఒకసారి నేను చేసిన కొక్కెం దిమ్మ లాగుతుండగా మెడ దగ్గర పుటుక్కున విరిగింది. లాగుతున్న కుర్రాడి చెయ్యి వెంట్రుకవాసిలో తప్పింది. విరిగిన చోట కల్లుప్పు పోసినట్టు తళతళలాడుతోంది. తప్పు నాదే. పసుప్పచ్చగా కాలేదాకా కొలిమిలో వదిలేసి, అలాగే నూనెలో ముంచాను.

ఉక్కు లోపలి రేణువుల్ని మేం పలుకు అంటాం. మితిమీరి కాలిస్తే పలుకులు ఒకదాన్నొకటి మింగి ముతకవుతాయి. చలిలో ఉక్కుకి సాగే గుణం తగ్గుతుంది, పగులు సూటిగా పరిగెడుతుంది. పలుకు సన్నమైతే దానికి అడుగడుక్కీ ఒక అంచు అడ్డం. గట్టిదనం పెంచే ఉపాయాలు చాలావరకు పెళుసుతనాన్నీ తెస్తాయి; పలుకు సన్నం చేయడం మాత్రం బలాన్నీ, చలికి ఓర్చుకునే శక్తినీ కలిపి పెంచుతుంది. లోహ శాస్త్రవేత్తలు హాల్ 1951లో, పెచ్ 1953లో చూపించిన లెక్క ప్రకారం పలుకు నాలుగో వంతుకి తగ్గితే, దానివల్ల వచ్చే బలం రెట్టింపు.

నేను వాడేది లారీ కమాను పట్టీ. సాగగొట్టడం అయ్యాక నేరుగా నూనెలో ముంచకండి. ముందు మూడుసార్లు కాల్చి గాలికి ఆరబెట్టాలి; ఒక్కోసారిని ఒక కాపు అంటాం. మొదట 870 డిగ్రీలు, తర్వాత 830, చివర 800. ప్రతిసారీ నల్లబడి, అయస్కాంతం మళ్ళీ గట్టిగా పట్టేదాకా ఆగాలి. వేడెక్కేటప్పుడూ చల్లారేటప్పుడూ ఉక్కు లోపలి అమరిక మారి, పాత అంచుల దగ్గర కొత్త సన్న పలుకులు పుడతాయి. రెండో కాపు ఎర్రగా ఉండగానే మళ్ళీ కొలిమిలో పెడితే ఆ కాపు వృథా. తీగకి వేలాడదీయండి, మన తడి నేలమీద పెట్టొద్దు. వేడి కొలిచే థర్మోకపుల్ లేకపోతే అయస్కాంతమే దిక్కు: 770 దగ్గర అది పట్టు వదిలేస్తుంది, అక్కణ్ణుంచి రంగు కాస్త పెరగనివ్వండి. రంగు మాత్రం నీడలోనే చూడాలి. ఎండలో చూస్తే తక్కువ కాలినట్టు కనబడి, ఎక్కువ కాల్చేస్తాం.

తర్వాత 830కి కాల్చి, అరవై డిగ్రీల గోరువెచ్చటి నూనెలో ముంచాలి. చేతికి పట్టుకోగలిగే వేడికి రాగానే, ఆలస్యం చేయకుండా 450 డిగ్రీల దగ్గర గంట చొప్పున రెండుసార్లు కాచాలి. 250 నుంచి 400 మధ్య ఆపొద్దు, ఆ దశలో ఈ ఉక్కు దెబ్బకి తట్టుకోదు.

పరీక్ష లేనిదే సరుకు ఇవ్వను. అదే పట్టీలోంచి రెండు వేళ్ళంత ముక్కలు రెండు తీస్తాను. ఒకదానికి మూడు కాపులూ, రెండోదానికి అవి లేకుండా మిగతాదంతా. రెండింటికీ ఆకురాయితో గాటు పెట్టి, దంచిన ఐసులో మూడో వంతు ఉప్పు కలిపి అరగంట పాతిపెడతాను. తీసిన వెంటనే వైస్‌లో బిగించి, కళ్ళద్దాలు పెట్టుకుని సమ్మెటతో కొడతాను. కాపులు లేనిది తేలిగ్గా తెగి కల్లుప్పులా మెరుస్తుంది. కాపులు పడ్డది ఎక్కువ దెబ్బలు అడుగుతుంది, తెగిన చోట బూడిద రంగులో బొంబాయి రవ్వలా కనిపిస్తుంది. అది కూడా మెరిస్తే ఆ పట్టీ మొత్తం మళ్ళీ మొదటి కాపుకి వెళ్ళాల్సిందే.

ఐస్ ఫ్యాక్టరీలోని అమ్మోనియా పైపులకీ, ట్యాంకులకీ ఈ పద్ధతి వాడొద్దు. వాటికి మిల్లు దగ్గరే చలిలో పరీక్షించిన ఉక్కు కొనండి. ఉక్కుకి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 2062లో ‘సి’ రకం ప్లేటుకి దెబ్బ పరీక్ష మైనస్ 20 డిగ్రీల దగ్గర చేస్తారు.